సముద్రం అప్పగింత

సంచి సర్దడం అది మూడోసారి. మొదటిసారి స్వెట్టరు అడుగున పడింది. నడిసముద్రంలో చలి వేస్తే సంచంతా తవ్వుకోవాలి కదా అని వరహాలమ్మ మొత్తం బయటికి తీసింది. రెండోసారి స్వెట్టరు పైకి వచ్చింది గానీ, చింతకాయ పచ్చడి సీసా పక్కన గాజు బ్యూరెట్టు పడింది. ఓడ ఊగి రెండూ కొట్టుకుంటే పచ్చడంతా గాజు, గాజంతా పచ్చడి. మూడోసారి బ్యూరెట్టును పాత నేతచీరలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, మెత్తటి బట్టల మధ్య పడుకోబెట్టింది.

"ఆ గాజు గొట్టమెందుకే? ఓడలో ఉండవేటి?" అంది గుమ్మంలో కూర్చున్న అక్క అప్పలనరసమ్మ.

"ఉంటాయి. నా చేతికి అలవాటు లేనివి."

"ఓడ ఎప్పుడన్నావు?"

"మార్చి పది."

"ఇంకా పదకొండు రోజులుందే! ఇప్పట్నించే సర్దీసి నా గుండె తీసేస్తన్నావు."

అప్పలనరసమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎవరైనా కొత్తవలస బస్సెక్కినా ఆవిడ కళ్లు ఒత్తుకుంటుంది. వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుని, వాళ్లు వచ్చేదాకా ఆ వేళ్లు ముడవదు.

వరహాలమ్మ విశ్వవిద్యాలయంలో, సముద్ర రసాయన విభాగంలో ల్యాబ్ అసిస్టెంటు. ప్రతి నెలా మొదటి వారం మైలపల్లి తాతారావు పడవ పద్దెనిమిది మైళ్లు లోపలికి వెళ్లి, స్టేషన్ మూడు అని పేరు పెట్టిన ఒకచోట నీళ్లు పట్టి తెస్తుంది. స్టేషనంటే అక్కడ పలకా లేదు, దీపమూ లేదు. మ్యాపు మీద ఒక చుక్క. ఆ సీసాలను వరహాలమ్మ ఒడ్డున అందుకుంటుంది. గాలి బుడగ ఒక్కటి కూడా లేదని వెలుతురుకు పట్టి చూస్తుంది. ల్యాబుకు తెచ్చి ఆ నీళ్లలో ఆమ్లం ఎంతో, ఉప్పెంతో, కరిగిన వాయువెంతో కొలుస్తుంది. ముప్ఫయి ఒక్క ఏళ్లలో మూడువందల డెబ్భై రెండు నెలలు కొలిచింది. ఆ చోటును మాత్రం ఒక్కసారీ చూడలేదు. మొదట్లో ఆడవాళ్లు పడవెక్కకూడదన్నారు. ఆ పట్టింపు పోయాక, ల్యాబు సిబ్బంది ల్యాబులోనే ఉండవలెనని ఉత్తర్వు వచ్చింది. ఎవరివో ఉత్తరాలు ముప్ఫయ్యేళ్లు చదివి, రాసినవాళ్ల మొహం చూడని మనిషిలా మిగిలింది.

ఇప్పుడు పరిశోధన ఓడ ఒకటి నలభై అయిదు రోజులకు వెళుతోంది. విభాగం అధిపతి ప్రొఫెసర్ మణిమాల పిలిచి, "వరహాలమ్మగారూ, బ్యూరెట్టు మీద మీ చెయ్యి నాకు కావాలి. ఫిబ్రవరి ఆఖరుకి రిటైరవుతారు కదా, కాంట్రాక్టు మీద తీసుకుంటాను. యూనివర్సిటీ విడుదల ఉత్తర్వు ఒక్కటి తెచ్చుకోండి. అది లేకపోతే ఓడవాళ్లు ఎక్కనివ్వరు," అంది.

ఒక్క కాగితం. దానికోసం ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన వరహాలమ్మ స్టోర్సు కౌంటరు ముందు నిలబడింది.

కౌంటరు వెనక సూపరింటెండెంటు మృత్యుంజయరావు. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. ఆ గది కిటికీ గోడవైపు ఉంటుంది. గోడకు నాలుగువందల అడుగుల అవతల సముద్రం. ఆయన ఎప్పుడూ అటు వెళ్లలేదు, పని పడలేదు. ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు తీసుకున్న సామాన్ల చార్జి జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతూ టిక్కు పెడుతున్నాడు. 

"నలభై అయిదు. పిపెట్టు స్టాండు, ఒకటి."

"ఉంది."

"నలభై ఆరు. సబ్బు పెట్టె, మూతతో."

"ఉంది."

"మూత?"

"అదీ ఉంది బాబూ."

"నలభై ఏడు. సముద్రం, ఒకటి."

వరహాలమ్మ నవ్వింది. మృత్యుంజయరావు నవ్వలేదు. జాబితా ఆమెవైపు తిప్పాడు. నిజంగానే ఉంది. వస్తువు: సముద్రం. సంఖ్య: 1. స్థితి: బాగున్నది, 8.15. ఉన్నచోటు: తూర్పు. అడుగున, "పై వస్తువులన్నియు సక్రమస్థితిలో స్వీకరించితిని" అన్న వాక్యం కింద ఆమె సంతకం, 1986 ఫిబ్రవరి ఒకటి.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. అప్పటి ప్రొఫెసరుగారు అల్మారా ముందు నిలబడి సామాన్లు చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. ఆ మధ్యలో పడవ రావడం, ఆయన నీళ్లు కొలవడం, "సముద్రం, ఎనిమిది పాయింట్ ఒకటి అయిదు, బాగుంది" అనడం జరిగాయి. గుమాస్తా చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి.

"అది నీళ్ల పులుపు కొలత బాబూ. సామాను కాదు."

"అయి ఉండవచ్చునండి. అయితే నాకిక్కడ కనిపిస్తున్నది సామాను."

మామూలు రోజుల్లో అయితే ఇలాంటిది టీ తాగేలోగా తేలిపోయేది. కానీ కొత్త రిజిస్ట్రారు సదానందంగారు ఈమధ్యే ఏదో కొండ మీద పది రోజుల శిక్షణ పొంది, 'సంపూర్ణ అప్పగింత విధానం' అనేదాన్ని వెంట తెచ్చారు. వెళ్లే ఉద్యోగి, తాను తీసుకున్న ప్రతిదాన్నీ తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. కిందటి నెల రిటైరైన లైబ్రరీ ఉద్యోగికి చదువుల గదిలోని నిశ్శబ్దాన్ని అప్పగించడానికి రెండు వారాలు పట్టింది. అప్పగిస్తున్న ప్రతిసారీ ఎవరో ఒకరు దగ్గారు.

రిజిస్ట్రారు తన గదిలో జాబితాను ఆసాంతం చదివి కళ్లజోడు తీశారు.

"చూడండమ్మా. వస్తువు పెద్దదా చిన్నదా అన్నది అప్రస్తుతం. జాబితాలో ఉన్నదా లేదా అన్నదే ప్రస్తుతం."

"పొరపాటున రాసినారు సార్. కొట్టేయించండి."

"కొట్టివేతకు ప్రత్యేక ఫారం ఉన్నది. అయితే వస్తువు కనబడుటలేదని ముందుగా రుజువు కావలెను. వస్తువు ఉన్నదా?"

కిటికీలోంచి అలల చప్పుడు వస్తూనే ఉంది.

"ఉంది సార్."

"అదీ సంగతి. ఎల్లుండి భౌతిక తనిఖీ."

మార్చి రెండున తనిఖీ సంఘం ఇసుకలోకి దిగింది. రిజిస్ట్రారు బూట్లు విప్పలేదు. మృత్యుంజయరావు టేపు, జాబితా, రబ్బరు స్టాంపు పట్టుకుని, సముద్రానికి సగం వీపు తిప్పి నిలబడ్డాడు. తాతారావు పడవ అంచున కూర్చుని వల బాగుచేసుకుంటూ చూస్తున్నాడు.

ముందుగా సంఖ్య. రిజిస్ట్రారు ఎడమకు చూసి, కుడికి చూసి, "ఒకటి," అన్నారు. మృత్యుంజయరావు టిక్కు పెట్టాడు. 

తర్వాత పరిమాణం. పాత ప్లానులో విశ్వవిద్యాలయం సరిహద్దు రాయి నుంచి నీటి అంచుకు తొంభై అడుగులు. టేపు పెడితే యాభై తేలింది. 

"నలభై అడుగులు అదనం," అన్నారు రిజిస్ట్రారు. "తగ్గుట ఎంత లోపమో పెరుగుట కూడా అంతే లోపము. ఈ అదనపు సముద్రం ఎక్కడి నుండి తెచ్చారు?"

వరహాలమ్మ నోరు తెరిచేలోగా తాతారావు అందుకున్నాడు. "ఆ తల్లి తెచ్చిందేటి బాబూ? అదే వచ్చీసింది. మా పాకలు రెండు వరసలు మింగీసింది."

"ఎవరి అనుమతితో?"

"మమ్మల్నయితే అడగలేదు. మిమ్మల్నేటైనా అడిగిందేటో."

రిజిస్ట్రారు ఆ మాటను రికార్డులోకి ఎక్కించవద్దని సైగ చేశారు.

చివరికి స్థితి. వరహాలమ్మ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, పొర్లేదాకా నింపి, మీటరు పెట్టింది. అబద్ధం చెబితే కాగితం చేతికి వచ్చేసేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ ముప్ఫయి ఒక్క ఏళ్లుగా ఆ మీటరు చెప్పిందే చెప్పిన నోరు, ఇంకోటి చెప్పడానికి తిరగలేదు. 

"8.09."

మృత్యుంజయరావు పెన్ను ఆగిపోయింది. "జాబితాలో 8.15 సార్."

"వస్తువు పాడైనది," అన్నారు రిజిస్ట్రారు. ఎవరో పోయిన వార్త చెబుతున్నంత మర్యాదగా అన్నారు.

మర్నాడు ఆయన గదిలో విచారణ జరిగింది.

"ఆరు వందోవంతులే కదా, దశాంశం తర్వాత ఒక అంకె చాలునని సర్దుకొనలేమా?" అన్నారు రిజిస్ట్రారు ఉదారంగా. మృత్యుంజయరావు లెక్క వేశాడు. సర్దితే 8.15 కాస్తా 8.2 అయింది, 8.09 కాస్తా 8.1 అయింది. లోపం ఆరు నుంచి పదికి పెరిగింది. ఉదారత ఉపసంహరించుకున్నారు.

"కారణమేమి?"

"పొగ సార్. బళ్లది, ఫ్యాక్టరీలది, బొగ్గుది. గాల్లోకి పోయిన దాంట్లో నాలుగో వంతు సముద్రం తాగేస్తుంది. తాగి తాగి పులుస్తోంది. అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు. ఆ ఆరు వందోవంతులంటే, ఆమ్లం వందకి పదిహేను వంతులు పెరిగింది. గుల్లలకి పెంకు కట్టుకోవడం కష్టమవుతుంది."

"ఈ విషయం మీకెప్పుడు తెలిసినది?"

"నెలనెలా తెలుస్తూనే ఉంది సార్."

"తెలిసియుండియు పైఅధికారులకు నివేదించలేదా?"

"మూడువందల డెబ్భై రెండు నివేదికలు పంపినాను సార్. ఈ ఆఫీసుకే."

రిజిస్ట్రారు మృత్యుంజయరావు వైపు చూశారు.

"వచ్చాయి సార్. అన్నీ సక్రమంగా దాఖలు చేశాం. ఒక్కటీ పోలేదు."

"చదివారా?"

"దాఖలు చేశాం సార్."

తర్వాత రిజిస్ట్రారు గొంతు సవరించుకుని, పాడైన వస్తువుకు నియమావళిలో రెండే మార్గాలు, ఒకటి మరమ్మతు, రెండు తుక్కు అన్నారు. 

మరమ్మతు ముందు చూశారు. పులుపుకు విరుగుడు సోడా అని అందరికీ తెలిసిందే. ఎంత సోడా పడుతుందో లెక్క కట్టమంటే వరహాలమ్మ కాగితం వెనక కట్టింది. ఒక్క బంగాళాఖాతానికే, లారీకి పది టన్నుల చాకలి సోడా, నిమిషానికో లారీ చొప్పున, సుమారు నాలుగున్నర వేల ఏళ్లు పడుతుంది. ఆదివారాలు కూడా పనిచేస్తే.

"ఆదివారాలకు మంజూరు దొరకదు సార్," అన్నాడు మృత్యుంజయరావు.

"పైగా ఆ లారీల పొగకి మళ్లీ పులుస్తుంది సార్," అంది వరహాలమ్మ.

కనుక తుక్కు. మార్చి ఆరున స్టోర్సు గోడ మీద నోటీసు పడింది: "వాడిన సముద్రం ఒకటి, ఉన్నచోట ఉన్నస్థితిలో వేలము వేయబడును. పాడినవారు ఏడు దినములలోగా ఆవరణ నుండి తొలగించుకొనవలెను. తొలగింపు సమయమున విశ్వవిద్యాలయపు గోడలకు గాని పూలకుండీలకు గాని నష్టము కలుగరాదు."

పాత ఇనుము వ్యాపారి ఒకాయన నిజంగానే వచ్చాడు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని తీరం పొడుగూతా చూశాడు.

"ఇందులో ఇనుమెంతుంటాది?"

"మునిగిన మరబోట్లు నాలుగున్నాయి. మా బావది ఒకటి," అన్నాడు తాతారావు. "కానీ ముందు నీరు తోడీసుకోవాల."

వ్యాపారి ఆలోచించి చెబుతానని వెళ్లిపోయాడు. తాతారావు వరహాలమ్మ పక్కన కూర్చున్నాడు.

"నాను సెప్పినాను కదమ్మా. ఆ సముద్రం తల్లిని కాగితం మీద ఎక్కించీవోడు, మళ్లీ దించలేడు."

"నువ్వెప్పుడు చెప్పావు తాతారావూ?"

"సెప్పలేదేటి? అయితే ఇప్పుడు సెప్తన్నాను."

ఏడో తారీకు మధ్యాహ్నం వరహాలమ్మ సంచి ముందు కూర్చుని, సర్దినవన్నీ బయటికి తీయడం మొదలుపెట్టింది. స్వెట్టరు తీసింది. చీరలు తీసింది. బ్యూరెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"పోనీలేవే," అంది అప్పలనరసమ్మ. "ఎల్లకపోతే మంచిదే. ఎల్లినోళ్ల కోసం ఎదురుసూడ్డం తప్పుతాది." అని, చెల్లెలి మొహం చూసి, మాట మార్చింది. "ఆ నియమాలో గియమాలో, ఆటిలో ఏటి రాసుందో ఎవులైనా సదివినారేటి?"

ఎవరూ చదవలేదు. ఆ పని వరహాలమ్మకు చేతనవును. ఆమె బడికి వెళ్లింది అయిదో తరగతి దాకానే. మిగతా చదువంతా సీసాలు చుట్టి వచ్చే పాత పేపర్లలో చదువుకుంది. అచ్చు కనిపిస్తే ఆగలేదు. సాయంత్రానికి స్టోర్సు నియమావళి తెచ్చుకుంది. రెండువందల పన్నెండు పేజీలు. మర్నాడు పొద్దున్నకల్లా ఎనభై ఎనిమిదో నియమం దగ్గర వేలు పెట్టి, వెంటనే కాగితం తీసింది.

ఎనిమిదో తారీకున రిజిస్ట్రారు ఆ అర్జీని మూడుసార్లు చదివారు. మొదటిసారి అనుమానంగా, రెండోసారి ఆశ్చర్యంగా, మూడోసారి పైకి, రుచి చూస్తూ.

"'ఎనభై ఎనిమిదవ నియమమును అనుసరించి, స్థిరముగా ఉండి స్టోర్సుకు తీసుకొనిరాదగని వస్తువు విషయమున, స్టోర్సు సూపరింటెండెంటు స్వయముగా వస్తువు ఉన్నచోటికి వెళ్లి, ఈ కొస నుండి ఆ కొస వరకు పరిశీలించవలెను. పరిశీలన ముగియువరకు సదరు వస్తువు సూపరింటెండెంటు అధీనమున ఉన్నట్లు భావించి, వెళ్లు ఉద్యోగిని విడుదల చేయవలెను.' మృత్యుంజయరావుగారూ, ఇది ఉన్నదా?"

"ఉందండి. నీళ్ల ట్యాంకుల కోసం పెట్టింది సార్."

"ట్యాంకు అని వ్రాసినదా?"

"వస్తువు అని రాసుంది సార్."

"నీళ్లు ఉన్నవా?"

మృత్యుంజయరావు మొహం పాలిపోయింది. "సార్, ఒడ్డునుంచి చూశాం కదా సార్..."

"ఈ కొస చూశాము. ఆ కొస చూడలేదు," అన్నారు రిజిస్ట్రారు. వారం రోజుల్లో మొదటిసారి ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఏ నియమమూ విరగలేదు. ఒక నియమం ఇన్నేళ్లకు వాడకంలోకి కూడా వచ్చింది. 

"సార్, నాకు ఈత రాదు సార్."

"తనిఖీకి ఈత అర్హతగా పేర్కొనబడలేదు."

గంటలో రెండు ఉత్తర్వులు టైపయ్యాయి. ఒకటి వరహాలమ్మ విడుదల. రెండోది, మృత్యుంజయరావు అదే ఓడలో తనిఖీకి వెళ్లవలెననీ, అది ముగియువరకు ఆయన డ్యూటీలో ఉన్నట్లే భావించవలెననీ. వరహాలమ్మ తన కాగితాన్ని నాలుగుగా మడిచి, జాకెట్లో పెట్టుకుని, ఇంటికి పోయి, నాలుగోసారి సంచి సర్దింది.

పదో తారీకున రేవులో అప్పలనరసమ్మ చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. పక్కన ట్రంకు పెట్టె మీద జాబితాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బలికి వచ్చినవాడిలా కూర్చున్న మృత్యుంజయరావును చూసింది. ఆయన కోసం ఎవరూ రాలేదు.

"ఆ బాబు కోసం ఏడవడానికెవులూ రాలేదేటి?" అని అడిగి, కొంగు ఎలాగూ తడిసే ఉంది కనుక ఆయన వాటా కూడా ఏడ్చేసింది. మృత్యుంజయరావు ఏం చేయాలో తెలియక లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

పొద్దున్న ఆరున్నరకు ఓడ కదిలింది. తొమ్మిదింటికి ఆగింది.

"స్టేషన్ మూడు," అంది మణిమాల.

వరహాలమ్మ రెయిలింగు దగ్గరికి వచ్చింది. అక్కడేమీ లేదు. నాలుగు వైపులా నీలం నీళ్లు, ఒకచోట కాస్త నురుగు, దూరంగా రెండు పిట్టలు. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఎవరినీ అడగకుండా సీసా అందుకుంది. ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగింది, పొర్లించింది, వెలుతురుకు పట్టి చూసింది. బుడగ లేదు. కొలిచింది. 8.08.

పక్కన మృత్యుంజయరావు రెండు చేతులా కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"బాబూ, కళ్లు తెరవండి. తనిఖీ చేయాలి కదా."

ఆయన ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది.

"ఆ కొస ఎక్కడుందండీ?"

వరహాలమ్మ చెయ్యి చాపింది. ఆయన ఆ చేతి వెంట చూశాడు. చూస్తూనే ఉన్నాడు. గోడవైపు తిరిగిన కిటికీ దగ్గర ఇరవై ఆరేళ్లు కూర్చున్న కళ్లకు అంత దూరం అలవాటు లేదు. నీళ్లు తిరిగాయి.

"చాలా ఉందండీ," అన్నాడు. "మనమిచ్చిన సంఖ్య ఒకటే," అని కూడా అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

మూడు రోజులు వాంతులు చేసుకున్నాడు. నాలుగో రోజు చింతకాయ పచ్చడితో అన్నం తిన్నాడు. పదో రోజుకు సీసాలు తానే నింపుతున్నాడు. బుడగ కనిపిస్తే పీహెచ్‌డీ కుర్రాళ్లను నిలబెట్టి కడిగేస్తున్నాడు. "మళ్లీ నింపండి! సక్రమస్థితి కాదిది!" ఇరవయ్యో రోజున, దాఖలు చేసిన ఆ నివేదికల్లో ఏముందో మొదటినుంచీ చెప్పమని వరహాలమ్మను అడిగాడు. ఆమె ఒక్కో నెలా చెప్పుకొచ్చింది, ఆయన ఒక్కో నెలా విన్నాడు. రెండు రోజులు పట్టింది. అంతా విన్నాక ఒకటే అడిగాడు.

"ఆ 8.15 మళ్లీ వచ్చిందా అండీ?"

ఆమె ఆ రోజు కొలత రాసిన కాగితం ఆయనవైపు తిప్పింది. ఆయన జాబితా తీసి రిమార్కుల గడిలో, నియమావళిలో లేని మాటలు జీవితంలో మొదటిసారి రాశాడు: "వస్తువు మనదే. పాడు చేసినది కూడా మనమే. వరహాలమ్మగారు చెప్పుచునే యున్నారు." ఓడ కొలంబోలో ఆగినప్పుడు ఆ పేజీ నకలును రిజిస్ట్రారుకు పంపాడు. రిజిస్ట్రారు కార్యాలయం దాన్ని సక్రమంగా దాఖలు చేసింది.

కొలంబోలో ఇంకో ఓడ ఉంది. దక్షిణానికి, మంచు దాకా పోతుందట. సీసాలు నింపే మనిషి కావాలట. మృత్యుంజయరావు ట్రంకు పెట్టె దించుకుని వచ్చి, వరహాలమ్మకు నమస్కారం పెట్టాడు.

"ఆ కొస ఇంకా రాలేదు కదండీ," అన్నాడు.

వరహాలమ్మ తన సంచిలోంచి స్వెట్టరు తీసి ఆయనకిచ్చింది. అది పైనే ఉంది.

ఏప్రిల్ ఇరవై నాలుగున ఓడ రేవుకు చేరింది. అప్పలనరసమ్మ వేళ్లు చాపుకుని ఎదురుగా నిలబడి ఉంది. దిగినవాళ్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టి, రెండు వేళ్లు ముడవడానికి వచ్చినదల్లా ఒకటి ముడిచి ఆగింది.

"ఆ బాబేడే?"

స్టోర్సు కౌంటరు వెనక కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. హాజరు పట్టీలో ఆయన పేరు ఎదురుగా రోజూ 'తనిఖీలో' అని రాస్తారు. సముద్రం ఆయన పేరు మీదే ఉంది. వరహాలమ్మ ప్రతి నెలా మొదటి వారం, ఎవరూ పిలవకపోయినా, తాతారావు పడవెక్కి స్టేషన్ మూడుకు వెళ్లి కొలిచి వస్తుంది. కొలతను పుస్తకంలో రాసుకుంటుంది. ఆ పుస్తకం ఆఖరి పేజీలో రెండే వాక్యాలున్నాయి.

మృత్యుంజయరావు తిరిగి రాలేదు, 2017 మార్చి పది, శుక్రవారం నుంచి. 8.15 తిరిగి రాలేదు, 1991 డిసెంబరు నుంచి.